గ్లవ్ బాక్స్ వెనకాల ఉన్నది గుప్తనిధి కాదు



పోయిన వారం మన గుంపులో కార్యవర్గం తరఫున ఒక ప్రకటన వచ్చింది. అందరూ చూసే ఉంటారు. కారు ఏసీ సంరక్షణ ప్యాకేజీ, బయటివారికి 2,400 రూపాయలు, మన సభ్యులకు మాత్రం 1,850. క్యాబిన్ ఫిల్టరు మార్పు, ఏసీ గాలి దారుల శుభ్రం, క్రిమినాశక స్ప్రే, గ్యాస్ పరీక్ష, ఇవన్నీ కలిపి. దాని అడుగున ఇంకో శుభవార్త: ఆ వర్క్‌షాపువారు మన ఉగాది సంచికకు పూర్తి పేజీ ప్రకటన ఇస్తున్నారట. కింద ముప్పైమంది దండాలు, చప్పట్లు పెట్టారు. ఒక్కరు కూడా లెక్క అడగలేదు.

ఆ వర్క్‌షాపు పేరు మేము రాయం. వాళ్ళమీద మాకు కోపమూ లేదు. అంగడి పెట్టినవాడు బేరం చూసుకుంటాడు, అది వాడి ధర్మం. కానీ సంఘం అంగడి కాదు కదా. సంఘం పేరుమీద ఒక సరుకు సభ్యుల ముందుకు వచ్చిందంటే, ఎవరో పెద్దలు దాన్ని చూసి, తూచి, మంచిదే అని చెప్పినట్టు లెక్క. మన గుంపులో అరవై దాటినవారు, భర్త పోయి కొడుకు కొనిచ్చిన కారును డ్రైవరు పెట్టుకుని నడుపుకునే అక్కలు ఎంతమంది ఉన్నారో కార్యదర్శిగారికి తెలుసు. వాళ్ళు సంఘం మాట నమ్మి 1,850 కట్టేస్తారు. అందుకే ఇంత పొడుగ్గా రాయవలసి వచ్చింది.

మేము రైల్వేలో ఉద్యోగకాలమంతా బిల్లులు, వోచర్లు చూసినవాళ్ళం. ఎదురుగా అంకె వేసిన ప్రతి మాటకూ అర్థం అడగడం మా అలవాటు. ఈ ప్యాకేజీని కూడా అలాగే ఒక్కొక్క వరసా చూద్దాం.

మొదటి వరస, క్యాబిన్ ఫిల్టరు. ఇది ఇంజన్ ఫిల్టరు కాదు. ఇంజన్ పీల్చే గాలికి బానెట్ కింద వేరే ఫిల్టరు ఉంటుంది. క్యాబిన్ ఫిల్టరు మనం పీల్చే గాలికి. మడతలు మడతలుగా పెట్టిన ఒక దూది కాగితంలాంటి గుడ్డ, చుట్టూ చట్రం, అంతే. ఒక మామూలు పుస్తకమంత ఉంటుంది. ఏసీ వేసినా, ఊరక ఫ్యాను వేసినా, గాలి దీనిగుండా వచ్చి మన ముఖానికి తగులుతుంది. లోపలి గాలినే తిప్పే బటను నొక్కినా చాలా బండ్లలో ఆ గాలి కూడా దీన్ని దాటే రావాలి. దుమ్ము, పూల పుప్పొడి, ఎండుటాకులు, ఈకలు అన్నీ అక్కడ ఆగుతాయి. ఇది మారిస్తే మైలేజీ పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఇంజన్‌కూ దీనికీ సంబంధం లేదు.

దీని వెల ఎంత? మా బండికి పేరున్న కంపెనీ మామూలు ఫిల్టరు పోయినసారి 280 రూపాయలకు వచ్చింది. బొగ్గు పొర ఉన్నది, వాసనలు కూడా కొంత పట్టేది, 450. పెద్ద బండ్లకు రవంత ఎక్కువ ఉండవచ్చు. ఇది మార్చడానికి మాకు పట్టిన సమయం పది నిమిషాలు. స్క్రూడ్రైవరు కూడా ముట్టలేదు.

రెండో వరస, గాలి దారుల శుభ్రం. డ్యాష్‌బోర్డు మీద కనిపించే నాలుగు రంధ్రాలను బ్రష్షుతో తుడవడానికి ఈ పేరు. పాత పెయింటు బ్రష్షు ఇంట్లో లేనివారు ఎవరు?

మూడో వరస, క్రిమినాశక స్ప్రే. ఏసీ వేయగానే తడి మేజోళ్ళ వాసన వస్తుందని చాలామంది అంటారు. లోపల చల్లదనం పుట్టించే జాలీమీద నీరు చేరి, బండి ఆపాక అది ఆరకుండా ఉండిపోవడం వల్ల బూజు పట్టి ఆ వాసన వస్తుంది. సువాసన స్ప్రే కొడితే వారం రోజులు మల్లెపూల కంపు, తరువాత మళ్ళీ మేజోళ్ళు. ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాను మాత్రం నడవనివ్వండి, జాలీ ఆరుతుంది. రోజూ ఈ పని చేసేవారికి ఆ స్ప్రే అవసరం చాలావరకు రాదు. దీనికి పైసా ఖర్చు లేదు. నిజంగా బూజు ముదిరిపోయిన బండి అయితే జాలీని సరిగ్గా కడిగించాలి, అది వేరే పని, స్ప్రేతో తీరదు.

నాలుగో వరసే అసలు గాలం. గ్యాస్ పరీక్ష. కారు ఏసీలో గ్యాస్ అనేది పెట్రోలులాగా ఖర్చయ్యే వస్తువు కాదు. అది మూసిన గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం, కారే చోటు పట్టకుండా గ్యాస్ నింపడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. కానీ ఎండాకాలంలో మనవాళ్ళు వెళ్ళి "ఏసీ సరిగ్గా రావడం లేదు" అంటారు, అక్కడ "గ్యాస్ తక్కువగా ఉంది సార్" అంటారు, బిల్లు వేలల్లోకి పోతుంది. ఈ తేడా మీరే ఇంట్లో పట్టవచ్చు. ఫ్యాను నాలుగులో పెట్టినా గాలి మందంగా వస్తూ, వచ్చే గాలి మాత్రం చల్లగా ఉంటే, దారికి ఏదో అడ్డం ఉన్నదని. నూటికి తొంభై అనం గానీ, మొదట చూడవలసింది ఫిల్టరే. గాలి ధాటిగా వస్తూ చల్లదనం లేకపోతే అప్పుడు గ్యాస్ సంగతో కంప్రెసర్ సంగతో చూడాలి. వాన రోజుల్లో ముందు అద్దానికి ఆవిరి పట్టి ఎంతకీ పోకపోయినా, ఫిల్టరు మూసుకుపోయిందేమో చూసుకోవాలి. ఈ రెండు మాటలు తెలిస్తే చాలు, కౌంటరు దగ్గర మనం నోరు తెరిచే తీరు మారిపోతుంది.

కాబట్టి ఈ 1,850 లో సరుకు 300. మిగిలిన 1,550 మన తెలియనితనానికి కట్టే పన్ను.

ఇప్పుడు మార్చే విధానం. బండి ఆపి, తాళం తీసి చేతిలో పెట్టుకోండి. డ్రైవరు పక్క సీటు ముందు ఉండే గ్లవ్ బాక్స్ ఖాళీ చేయండి. మన గ్లవ్ బాక్స్‌లలో ఏముంటాయో తెలిసిందే: తిరుత్తణి విభూతి పొట్లం, పాత టోల్ రసీదులు, ఎవరిదో పెళ్ళిపత్రిక, ఎండిపోయిన చందనం. అన్నీ తీసి పక్కన పెట్టండి. బాక్స్ తెరిచి లోపలి రెండు పక్క గోడలనూ రెండు అరచేతులతో లోపలికి నొక్కితే, అడ్డుగా ఉన్న కొక్కేలు జారి బాక్స్ మొత్తం కిందికి వాలుతుంది. కొన్ని బండ్లలో ఒక పక్క సన్నని తాడో చిన్న కడ్డీయో పట్టి ఉంటుంది, దాన్ని లాగకుండా మెల్లగా పక్కకు జరిపి ఊడదీయాలి. అవతల నల్లటి ప్లాస్టిక్ పెట్టె, దానికి పొడుగాటి మూత కనిపిస్తుంది. మూతకు చివర్లలో గిల్లితే వదిలే పట్లు ఉంటాయి. మూత తీస్తే ఫిల్టరు అంచు కనబడుతుంది, సొరుగులాగా ముందుకు లాగడమే.

లాగేటప్పుడు రెండు విషయాలు చూడాలి. ఒకటి, ఫిల్టరు అంచుమీద ఉన్న బాణం గుర్తు ఎటు చూపిస్తున్నదో సెల్‌ఫోనులో ఫొటో తీసుకోండి. అది గాలి పోయే దిక్కు. కొత్తది కూడా అదే దిక్కుగా పోవాలి, తిరగేసి పెడితే మడతలు సరిగ్గా పని చేయవు. రెండోది, మెల్లగా, అడ్డంగానే లాగండి. మీద ఉన్న ఆకులూ చెత్తా ఫ్యానులోకి రాలితే టకటకమని చప్పుడు మొదలవుతుంది. వేపచెట్టు కింద, కానుగచెట్టు కింద బండి నిలిపేవారు ఈ మాట గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఖాళీ అయిన చోటును పిండిన తడిగుడ్డతో తుడిచి, కొత్తది పెట్టి, మూత వేసి, బాక్స్ ఎత్తి నొక్కితే కొక్కేలు తమంతట తామే పడతాయి. పెట్టేముందు ఫిల్టరు చట్రంమీద ఆనాటి తేదీ, కిలోమీటర్లు పెన్నుతో రాయండి. సర్వీసుకు వెళ్ళినప్పుడు "మార్చేశాం సార్" అని బిల్లు వేస్తే, తీసి చూడండి. మన చేతిరాత ఇంకా అక్కడే ఉంటే ఆ తరువాత మాట్లాడవలసింది ఏమిటో మేము చెప్పనక్కరలేదు.

ఎన్నాళ్ళకొకసారి? మీ బండి మాన్యువల్‌లో ఉన్నది చూడండి. మన ఊరి దుమ్ముకు ఏడాదికి ఒకసారి తప్పనిసరి అని మా అభిప్రాయం. ఇంకో మాట, పాతదాన్ని కడిగి ఆరబెట్టి మళ్ళీ పెట్టే పొదుపు వద్దు. నీళ్ళు తగిలితే ఆ గుడ్డకు సన్నని ధూళిని పట్టే గుణం తగ్గుతుంది, తడి మిగిలితే బూజు. గట్టిగా గాలి కొట్టినా దారాలు చిరుగుతాయి. సర్వీసులో "ఫిల్టర్ క్లీనింగ్" అని విడిగా దుడ్లు తీసుకునేది ఈ గాలి కొట్టడానికే.

"మీరే ముట్టుకుంటే వారంటీ పోతుంది" అని ఒక బెదిరింపు ఉంది. ఎన్నో ఏళ్ళుగా వింటున్నాం. దీనికి జవాబు రెండు విధాల ఉంది. మొదటిది, చాలా కంపెనీల మాన్యువల్‌లోనే క్యాబిన్ ఫిల్టరు మార్చే విధానం బొమ్మలతో వేసి ఉంటుంది. బండి చేసినవాడే నువ్వు మార్చుకో అని బొమ్మ గీసి ఇస్తే, అమ్మినవాడు ముట్టుకోవద్దంటాడా? రెండోది, 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, పనిముట్లు బయటి మెకానిక్‌లకు అందకుండా కట్టడి చేస్తున్నారని. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అని షరతు పెట్టకూడదు, బయటి పనివల్ల చెడిపోయినంత మేరకే కాదనవచ్చు అని కూడా ఆ తీర్పులో ఉంది. కంపెనీలు అప్పీలుకు పోయాయి, జరిమానా కథ కోర్టుల్లో చాలా దూరం నడిచింది, అది వేరే సంగతి. ఒక సామాన్యుడు పెట్టిన ఫిర్యాదుతో మొదలైన కేసు అది. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు కోసం పోర్టల్ కూడా తెరిచింది, అందులో మోటారు వాహనాలు ఒక విభాగం. ఇంత జరిగిన తరువాత కూడా 300 రూపాయల గుడ్డముక్క ముట్టడానికి మనం భయపడుతున్నాం.

భయం అని ఎందుకు అంటున్నామంటే, మనవాళ్ళకు బండి అంటే భక్తి ఉంది, పరిచయం లేదు. ఆయుధపూజనాడు కడిగి, చందనం కుంకుమ పెట్టి, అరటి పిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ పగలగొడతాం. గుమ్మడికాయే ఇప్పుడు ఎంత అమ్ముతున్నదో చూశారు కదా. ఆ రోజు అదే బండిలో గ్లవ్ బాక్స్ వెనకాల రెండేళ్ళ దుమ్ము, ఎలుక పెంట కూర్చుని ఉంటుంది. తరువాత తలుపులు మూసుకుని ఏసీ వేసుకుని మనవళ్ళను తిరుపతికి తీసుకుపోతాం. దారిలో పిలకాయలు తుమ్ముతుంటే దిష్టి అంటాం.

పిలకాయల మాట వచ్చింది కాబట్టి రవంత నిలబడి చెప్పాలి. పెరంబూరు, అయనావరం, పురసైవాక్కం వైపు ఉండేవారికి మెట్రో పనుల దుమ్ము ఏమిటో చెప్పనక్కరలేదు. ఎన్నూరు, మణలి వైపువారికి ఫ్యాక్టరీల గాలి. భోగి తెల్లవారుజామున పాత చాపలూ టైర్లూ కాల్చిన పొగ విమానాలనే ఆపేసిన రోజులు చూశాం. ఆ మర్నాడే కదా మనం అందరం కార్లలో బంధువుల ఇళ్ళకు బయలుదేరేది. గాలిలో మనకు ఎక్కువ చెడు చేసే ధూళి 2.5 మైక్రాన్లకన్నా చిన్నది, అంటే మన తలవెంట్రుక మందంలో ఇరవై ముప్పై వంతుల్లో ఒక వంతు. మామూలు క్యాబిన్ ఫిల్టరు దాన్నంతా పట్టేస్తుందని మేము అనం, అనేవాడు అబద్ధం చెబుతున్నట్టే. పెద్ద ధూళిని బాగా పడుతుంది, సన్నదాన్ని కొంత పడుతుంది. బొగ్గు పొర వాసనలను తగ్గిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను ఏ ఫిల్టరూ ఆపదు, కాబట్టి మూసిన గ్యారేజీలో ఇంజన్ నడుపుతూ కారులో పడుకోవడం ఎప్పటికీ కూడదు. కానీ మూసుకుపోయిన పాత ఫిల్టరుకన్నా 300 రూపాయల కొత్తది మేలన్న మాటలో అనుమానం లేదు. వీజింగ్ ఉన్న పాపను వెనక సీటులో కూర్చోబెట్టుకునే తాతకు ఇది చిన్న విషయం కాదు. 1,850 అయితే ఏడాదికొకసారి మార్చడానికి చేయి రాదు, వచ్చే ఏడాది చూద్దాం అంటాడు. ఖరీదు ఎక్కువ పెట్టడం వల్ల జరిగే అసలు నష్టం అదే.

"మా సమయానికి విలువ లేదా?" అని ఒక తమ్ముడు మాకు విడిగా మెసేజ్ పెట్టాడు. ఉంది నాయనా. వర్క్‌షాపుకు పోయి, టోకెను తీసుకుని, కాఫీ తాగుతూ రెండు గంటలు కూర్చోవడానికి పట్టే సమయం కన్నా ఇది తక్కువ. నడుము వంగనివారు, మోకాళ్ళు పట్టేసినవారు చేయలేరన్నది నిజం. వాళ్ళకు ఇంట్లో కొడుకో మనవడో ఉంటాడు, లేకపోతే మనం ఉన్నాం.

అన్ని బండ్లూ ఇంత సులువు కాదన్నదీ నిజమే. కొన్నింటిలో ఫిల్టరు డ్రైవరు కాళ్ళ దగ్గర పక్కగోడలో ఉంటుంది, కొన్నింటిలో బానెట్ ఎత్తి ముందు అద్దం మొదట్లో వెతకాలి. కొన్ని పాత చిన్న బండ్లకు అసలు ఫిల్టరే లేకుండా అమ్మారు. అలాంటి కష్టమైన బండి అయితే వర్క్‌షాపుకే పోండి. కానీ ఫిల్టరు మీరే కొనుక్కుని పోండి, కూలి ఎంతో ముందు అడగండి, తీసిన పాతదాన్ని చేతికి ఇమ్మనండి.

కొనే చోటు గురించి. చెన్నైవారికి జీపీ రోడ్డు ఉంది, విడిభాగాలకు అంతకన్నా చోటు ఏముంది. బండి పేరు, మోడల్ సంవత్సరం, పెట్రోలా డీజిలా చెప్పి అడగండి, పాత ఫిల్టరు చేతిలో ఉంటే ఇంకా మంచిది. నకిలీలు ఉన్నాయి. అట్టపెట్టెమీద తయారీ వివరాలు, గరిష్ఠ చిల్లర ధర లేనిదీ, మడతలు విరళంగా ఉన్నదీ, చట్రం వేలితో వంచితే వంగిపోయేదీ వద్దు. బిల్లు అడిగి తీసుకోండి.

ఇప్పుడు మళ్ళీ సంఘం మాట. మన గుంపులో కార్లున్న ఇళ్ళు నూరు అనుకుందాం. అందరూ ఈ ప్యాకేజీ తీసుకుంటే అనవసరంగా పోయేది 1,55,000 రూపాయలు. సంచికలో ఒక పూర్తి పేజీకి మనం వసూలు చేసేది 10,000. కోశాధికారిగారు లెక్కలలో గట్టివారు, ఇది ఏ రకం లాభమో ఆయనే చెప్పాలి. ఆ పదివేలు లేకపోతే సంచిక రాదంటే, సభ్యులను అడగండి, తలా నూరు వేసి ఇస్తాం. ప్రకటన వేసుకోవద్దని కూడా మేము అనడం లేదు. ప్రకటన ప్రకటనగా వేయండి. సంఘం సిఫారసుగా వేయకండి.

ఇంకొకటి మనసులో ఉన్నది. మాది తమిళ మీడియం చదువు. తెలుగు ఇంట్లో మాట్లాడడమే గానీ అక్షరాలు మన సంఘం తరగతిలోనే వచ్చాయి, అందుకు ఈ సంఘానికి ఎప్పటికీ రుణపడి ఉంటాం. కానీ ఆ అక్షరాలతో మనం ఏం చేస్తున్నాం? ఉగాదికి పద్యాలు, సన్మాన పత్రాలు, చావు పుట్టుకల సమాచారం. కారు మాన్యువల్ ఇంగ్లీషులో, సర్వీసు మనిషి మాట తమిళంలో, బిల్లులో సంకేతాక్షరాలు. ఇంట్లో తెలుగు మాట్లాడే అక్కకు ఇవన్నీ ఆమె మాటలో విప్పి చెప్పేది ఎవరు? సంఘం చేయదగిన పని ఇది. ఒక పేజీ తెలుగులో రాసి గుంపులో పెడితే ఖర్చు లేదు. ఆ పేజీ కావాలంటే ఈ వ్యాసంలో నుంచే కత్తిరించుకోండి.

సర్వసభ్య సమావేశం వచ్చే ఆదివారం పదిన్నరకు. ఈ ప్రకటనను వెనక్కు తీసుకునే విషయం ఎజెండాలో చేర్చాలని కార్యదర్శిగారికి రాతపూర్వకంగా కూడా ఇస్తున్నాం. అదే రోజు పొద్దున తొమ్మిది గంటలకే మేము మండపం వెనకాల ఖాళీ స్థలంలో ఉంటాం. ఫిల్టరు కొనుక్కుని, గ్లవ్ బాక్స్ ఖాళీ చేసుకుని రండి. మార్చి మేము ఇవ్వం, మీచేతనే మార్పిస్తాం. బొద్దింకలు కనబడితే భయపడే అక్కలు పాత చెప్పు ఒకటి తెచ్చుకోండి.